గొంతెత్తి చదివే నవలలు



విల్ అని ఒక పదిహేనేళ్ళ కుర్రాడు. అమెరికాలో ఒక నగరం, అందులో ఒక పేదల పేట. వాళ్ళ అన్నను వీధిలో ఎవరో కాల్చి చంపారు. ఆ పేటలో మగపిల్లలు మూడు నియమాలు వింటూ పెరుగుతారు. ఏడవకూడదు. ఎవరు చేశారో తెలిసినా నోరు విప్పకూడదు. చంపినవాణ్ణి వదిలిపెట్టకూడదు. విల్ తన అన్న సొరుగులోంచి తుపాకి తీసి నడుముకు దోపుకున్నాడు. ఎనిమిదో అంతస్తులో లిఫ్టు ఎక్కాడు. కిందికి చేరడానికి పట్టేది ఒక్క నిమిషం. దారిలో అంతస్తు అంతస్తుకీ లిఫ్టు ఆగుతుంది, ఒక్కో మనిషి ఎక్కుతాడు. ఎక్కిన ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు తుపాకికి బలై చనిపోయిన మనిషే.

ఆ ఒక్క నిమిషం 300 పేజీల నవల అయింది. పేరు 'లాంగ్ వే డౌన్'. జేసన్ రేనాల్డ్స్ రాశారు, 2017లో అచ్చయింది. నవల అంతా కవితల్లోనే నడుస్తుంది. కొన్ని పేజీల్లో ఇరవై పంక్తులు ఉంటాయి, కొన్నింట్లో రెండో మూడో మాటలు. మిగతాదంతా తెల్ల కాగితం.

ఇలాంటి పుస్తకాలను కవితా నవలలు అందాం. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం ఇంగ్లీషులో, ముఖ్యంగా అమెరికాలో, గత ముప్ఫై ఏళ్ళుగా ఇవి వస్తున్నాయి. అక్కడి హైస్కూలు తరగతుల్లో చాలామంది టీచర్లు వీటిని పాఠంగా చెబుతున్నారు. ఎందుకు చెబుతున్నారు, ఎలా చెబితే పిల్లలకు అందుతాయి, మన పిల్లలకు వీటితో పనేమిటి అన్నది ఈ రోజు ప్రసంగం. నేను చెప్పదలచుకున్న అసలు మాట ముందే చెబుతాను. కవితా నవల క్లాసులోకి వస్తే దాన్ని ముందు చెవితో చదివించాలి. ఆ తర్వాత కంటితో. ఆ తర్వాతే కలంతో. ఈ వరస తప్పితే అది కూడా ప్రశ్న–జవాబుల పాఠంగానే మిగిలిపోతుంది.

ముందు ఈ పుస్తకాలు ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం చూద్దాం. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఒక ప్రభుత్వ హైస్కూల్లో మెల్ గ్లెన్ అనే ఆయన ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు. 1982లో ఆయన 'క్లాస్ డిస్మిస్డ్' అనే పుస్తకం తెచ్చారు. అందులో ఒక్కో కవిత ఒక్కో విద్యార్థి గొంతు. అది నవల కాదు, కానీ దారి వేసింది. 1993లో వర్జీనియా యూవర్ వుల్ఫ్ 'మేక్ లెమనేడ్' రాశారు. లవాన్ అనే పద్నాలుగేళ్ళ అమ్మాయి కాలేజీ చదువు కోసం డబ్బు కూడబెట్టాలని ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదురుతుంది. ఆ పిల్లల తల్లికి పదిహేడేళ్ళు. ఇద్దరు బిడ్డలు, తోడు ఎవరూ లేరు. 1997లో కారెన్ హెస్ రాసిన 'ఔట్ ఆఫ్ ది డస్ట్' వచ్చింది. మరుసటి ఏడాది దానికి న్యూబెరీ పతకం ఇచ్చారు. బాలసాహిత్యానికి అమెరికాలో అంతకంటే పెద్ద గౌరవం లేదు. కవితల్లో చెప్పిన కథను పిల్లలు చదువుతారా అన్న అనుమానం దాంతో చాలావరకు తీరింది.

ఆ తర్వాత జోరు పెరిగింది. 2014లో జాక్వెలిన్ వుడ్‌సన్ తన చిన్ననాటి కథను కవితల్లో చెప్పిన 'బ్రౌన్ గర్ల్ డ్రీమింగ్'కు నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. అదే ఏడాది అచ్చయిన క్వామే అలెగ్జాండర్ నవల 'ది క్రాసోవర్'కు 2015లో న్యూబెరీ పతకం దక్కింది. 2018లో ఎలిజబెత్ అసెవెడో రాసిన 'ది పొయెట్ ఎక్స్'కు నేషనల్ బుక్ అవార్డు, 2019లో బ్రిటన్ కార్నెగీ పతకం వచ్చాయి.

పతకాల సంగతి అలా ఉంచుదాం. హైస్కూలు పిల్లవాడి చేతికి ఈ పుస్తకం వచ్చినప్పుడు ఏం జరుగుతుందో అది ముఖ్యం.

పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో చాలామంది పిల్లలు చదవడం మానేస్తారు. పాఠ్యపుస్తకం మాత్రం చదువుతారు, అదీ పరీక్ష కోసం. వాళ్ళలో కొందరు చదవలేక మానేస్తారు. పేజీ నిండా కిక్కిరిసిన అక్షరాలు చూడగానే 'ఇది నా వల్ల కాదు' అనుకుంటారు. అలాంటి పిల్లలకు కవితా నవల పేజీ భయం పుట్టించదు, క్లాసులో దీన్ని చెప్పడానికి మొదటి కారణం ఇదే. చోటు ఎక్కువ, మాట తక్కువ. గంటలో అరవై పేజీలు తిరుగుతాయి. మూడు రోజుల్లో పుస్తకం అయిపోతుంది. 'ఇంత లావు పుస్తకం నేను మొదటి నుంచి చివరిదాకా చదివాను' అన్న నమ్మకం ఆ పిల్లవాడికి బహుశా మొదటిసారి కలుగుతుంది. ఆ నమ్మకం రెండో పుస్తకానికి దారి తీస్తుంది.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. జేసన్ రేనాల్డ్స్ స్వయంగా పదిహేడేళ్ళు దాటేదాకా ఒక్క నవల కూడా పూర్తిగా చదవలేదు. ఆ సంగతి ఆయనే చాలా సభల్లో చెప్పారు. ఆయన్ని అక్షరాల వైపు లాగినవి ర్యాప్ పాటలు. పాటలోని మాటల్ని కాగితం మీద చూసి ఇది కవిత్వమే కదా అని గుర్తుపట్టారు. అలాంటి మనిషి తరువాత అమెరికా జాతీయ బాలసాహిత్య రాయబారి అయ్యారు. బడిలో పుస్తకం అంటే మొహం తిప్పుకునే పిల్లవాడి మనసు ఆయనకు లోపలి నుంచి తెలుసు.

ఎలిజబెత్ అసెవెడో కూడా అంతే. ఆమె మేరీలాండ్ రాష్ట్రంలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు టీచరుగా పనిచేశారు. ఆమె తల్లిదండ్రులు డొమినికన్ రిపబ్లిక్ నుంచి వలస వచ్చినవాళ్ళు. క్లాసులో పిల్లలూ చాలామంది అలాంటి కుటుంబాలవాళ్ళే. బడి బీరువాలో ఉన్న పుస్తకాల్లో వాళ్ళ ఇళ్ళు లేవు, వాళ్ళ అమ్మలు లేరు, వాళ్ళ మాట లేదు. ఆ లోటు చూసిన టీచరు పుస్తకాలు రాయడానికి కూర్చున్నారు.

రెండో కారణం గొంతు. ఈ నవలలన్నీ దాదాపుగా 'నేను' అంటూ మాట్లాడతాయి. కౌమారంలో మనసు ఒక తీరుగా సాగదు. పొద్దున కోపం, మధ్యాహ్నం సిగ్గు, సాయంత్రం ఎవరి మీదో చెప్పలేని ఇష్టం. అవన్నీ కలిపి ఒక పొడుగాటి అధ్యాయంగా అల్లడం ఆ వయసు మనిషికి చేతకాదు. ఒక్కో ఉద్వేగానికి ఒక్కో చిన్న కవిత సరిగ్గా సరిపోతుంది. 'ది క్రాసోవర్'లో జాష్, జోర్డన్ అనే కవల అన్నదమ్ములు బాస్కెట్‌బాల్ ఆడతారు. నవలను కూడా ఆటలాగే విభజించారు: వార్మప్, నాలుగు క్వార్టర్లు, ఓవర్‌టైమ్. బంతి కొట్టుకుంటూ పరుగెత్తే కవితల్లో పంక్తులు పేజీ మీద అటూ ఇటూ దూకుతాయి. జాష్‌కు కొత్త మాట ఒకటి దొరికితే, నిఘంటువులో లాగా దాని అర్థం చెబుతూ, ఆ అర్థంలోనే ఇంట్లో జరుగుతున్నది చెప్పేస్తాడు. తండ్రికి రక్తపోటు. డాక్టరు దగ్గరికి వెళ్ళడు. ఆట మీద ఇష్టంతో పుస్తకం పట్టిన పిల్లవాడు తండ్రి మరణం దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూయలేడు.

మూడో కారణం అన్నిటికంటే పెద్దది. ఈ పుస్తకాలు చెప్పనిదాన్ని చదవడం నేర్పుతాయి. దాన్ని క్లాసులో ఎలా నేర్పాలో ఇప్పుడు చూద్దాం.

ముందు చెవి అన్నాను. పుస్తకం పంచిన మొదటి రోజు టీచరు పిల్లల చేత పుస్తకం మూయించి, తానే పది పన్నెండు కవితలు గట్టిగా చదవాలి. ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. పంక్తి ఎక్కడ ఆగితే గొంతు అక్కడ కొంచెం ఆగాలి. రేడియో కాబట్టి ఇది మీకు ఇప్పుడే వినిపించగలను. ఏ పుస్తకం నుంచో కాదు, మామూలుగా ఇంట్లో అనుకునే ఒక వాక్యం తీసుకుంటాను.

నాన్న ఈ రాత్రి కూడా ఇంటికి రాలేదు.

ఇది ఒక వార్త. ఇప్పుడు ఇదే వాక్యాన్ని మూడు పంక్తులుగా విరుస్తాను, వినండి.

నాన్న ఈ రాత్రి
కూడా
ఇంటికి రాలేదు.

'కూడా' ఒక్కటే పంక్తి అయ్యేసరికి ఇదివరకటి రాత్రులన్నీ మనకు కనిపించాయి. ఒక్క మాట కలపలేదు, ఒక్కటి తీసెయ్యలేదు. ఎక్కడ ఆగాలో మారింది, అంతే. ఇంకొకటి వినండి.

అక్క పెళ్ళికి ఒప్పుకుంది
అనుకున్నారు అందరూ.

మొదటి పంక్తి చివర ఆగినప్పుడు మనం కూడా ఆ అందరిలో కలిసిపోయాం. రెండో పంక్తి వచ్చాక అక్క ఏమీ అనలేదని తెలిసింది. మన భాషలో క్రియ చివర వస్తుంది, కాదు లేదు అనేవి ఇంకా చివర వస్తాయి. అందుకే పంక్తి విరుపు తెలుగులో మరింత పదునుగా పనిచేస్తుంది. ఈ రెండు ఉదాహరణలతో ఏ టీచరైనా నల్లబల్ల దగ్గర నిలబడి పది నిమిషాల్లో కవిత్వం అంటే ఏమిటో చెప్పగలరు. ఛందస్సు, అలంకారం తర్వాత రావచ్చు. ఎక్కడ ఆగాం, ఆగినందువల్ల ఏం తెలిసింది అన్న ప్రశ్న ముందు రావాలి.

టీచరు చదివాక పిల్లలు చదవాలి. 'లాంగ్ వే డౌన్' దీనికి చాలా అనువైన పుస్తకం. విల్ ఒక గొంతు. లిఫ్టు ఎక్కేవాళ్ళు ఆరుగురు: అన్నకు పెద్దన్నలాంటి స్నేహితుడు, చిన్నప్పుడు తనతో ఆడుకున్న పిల్ల, తండ్రి సోదరుడు, తండ్రి, ఇంకొకడు, చివరికి అన్న. మొత్తం ఏడుగురు పిల్లలు క్లాసు ముందుకు వచ్చి నిలబడి తమ తమ మాటలు చదవవచ్చు. నాటకం కాదు, వేషాలు అక్కర్లేదు, బట్టీ పట్టక్కర్లేదు. చేతిలో పుస్తకం, నోట్లో మాట. అమెరికా బడుల్లో దీన్ని రీడర్స్ థియేటర్ అంటారు. చదవడంలో వెనకబడిన పిల్లవాడికి నాలుగు పంక్తుల భాగం ఇచ్చి ముందురోజే చెబితే ఇంటి దగ్గర పదిసార్లు చదువుకుని వస్తాడు. పదిసార్లు ఒక పేజీ చదవమని ఇంకే పద్ధతిలో చెప్పినా చదవడు. మరో మంచి సంగతి ఏమిటంటే ఈ నవలను రేనాల్డ్స్, 'ది పొయెట్ ఎక్స్'ను అసెవెడో సొంత గొంతులతో చదివిన ఆడియో పుస్తకాలున్నాయి. పిల్లలు తాము చదివాక రచయిత ఎలా చదివారో విని, తాము ఆగిన చోటు, రచయిత ఆగిన చోటు పోల్చుకోవచ్చు.

తరువాత కన్ను. ఒక కవితను పంక్తులన్నీ కలిపేసి మామూలు పేరాగా టైపు చేసి పిల్లలకు ఇవ్వాలి. ఎక్కడ విరవాలో వాళ్ళనే నిర్ణయించమనాలి. ముప్ఫై మంది ముప్ఫై రకాలుగా విరుస్తారు. ప్రతివాళ్ళూ ఎందుకు అక్కడ విరిచారో చెప్పాలి. అప్పుడు అసలు పేజీ చూపించాలి. రచయితదే ఒప్పు, మీది తప్పు అనకూడదు. రచయిత అలా ఎందుకు చేసి ఉంటారు అని మాత్రం అడగాలి. వ్యాకరణం, భావం, గొంతు, మూడూ ఆ ఒక్క గంటలో చర్చకు వస్తాయి.

తెల్ల చోటును చదవడం కూడా కంటిపనే. 'ఔట్ ఆఫ్ ది డస్ట్' కథ 1934 శీతాకాలంలో మొదలై 1935 శరత్తులో ముగుస్తుంది. చోటు ఓక్లహోమా. గోధుమల కోసం గడ్డి నేలలన్నీ దున్నేశారు, వానలు పోయాయి, గాలికి మట్టి లేచింది. ఆ ప్రాంతాన్ని చరిత్రలో డస్ట్ బౌల్ అంటారు. 1935 ఏప్రిల్ 14న వచ్చిన దుమ్ము తుఫానుకు పట్టపగలు చీకటి కమ్మింది. ఆ నేల మీద పద్నాలుగేళ్ళ బిల్లీ జో పియానో వాయిస్తూ పెరుగుతుంది. పొయ్యి పక్కన ఉన్న బకెట్‌లో కిరసనాయిలు ఉంది. తల్లి నీళ్ళనుకుంది. మంటలు లేచాయి. బిల్లీ జో ఆ మండే బకెట్‌ను ఇంట్లోంచి బయటికి విసిరితే అది గర్భిణి అయిన తల్లి మీదే పడింది. తల్లి, పుట్టిన బిడ్డ ఇద్దరూ పోయారు. పియానో వాయించే చేతులు కాలిపోయాయి. తండ్రీ కూతురూ ఒకే ఇంట్లో ఉంటారు, మాట్లాడుకోరు.

ఆ మౌనాన్ని రచయిత్రి వర్ణించి విడమరచదు. చిన్న చిన్న కవితల మధ్య ఖాళీగా వదిలేస్తుంది. ఇక్కడ టీచరు పిల్లలకు ఒక పని ఇవ్వవచ్చు: ఈ రెండు కవితల మధ్య ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుంది, ఎవరు ఏమనబోయి మానేశారు, ఐదు పంక్తుల్లో రాయండి. పిల్లలు రాసినది ఊహ కావచ్చు, కానీ ఆ ఊహకు ఆధారం పుస్తకంలో చూపించాలి. పైకి చెప్పనిదాన్ని ఆధారంతో గ్రహించడం చదువులో చాలా పెద్ద మెట్టు. పెద్ద పెద్ద వ్యాసాలకంటే ఈ చిన్న కవితల దగ్గర పిల్లలు ఆ మెట్టు తేలిగ్గా ఎక్కుతారు. ఇదే పుస్తకాన్ని చరిత్ర టీచరు, సైన్సు టీచరు కూడా పంచుకోవచ్చు. నేల ఎందుకు పోయింది, అప్పులు ఎలా పెరిగాయి, మనుషులు ఊళ్ళు ఎందుకు విడిచారు. నేల ఎండితే ఇంట్లో మాటలు ఎలా ఎండిపోతాయో మన అనంతపురం జిల్లా పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక కలం. 'ది పొయెట్ ఎక్స్'లో షియోమారా అనే పదిహేనేళ్ళ అమ్మాయి న్యూయార్క్‌లోని హార్లెంలో ఉంటుంది. తల్లికి దైవభక్తి ఎక్కువ, కట్టుబాట్లు ఎక్కువ. అమ్మాయి మనసులో ఉన్నదంతా ఒక నోటుపుస్తకంలో కవితలుగా రాసుకుంటుంది. ఇంగ్లీషు టీచరు ఒక వ్యాసం రాయమంటుంది. ఈ అమ్మాయి చిత్తుప్రతి రాస్తుంది, అది కవితగా వస్తుంది, అందులో నిజం ఉంటుంది. తర్వాత శుభ్రప్రతి రాస్తుంది, అది వచనంలో ఉంటుంది, బడికి నచ్చేలా ఉంటుంది. టీచరుకు ఇచ్చేది ఆ రెండోదే. పుస్తకంలో ఈ రెండూ పక్కపక్కనే మనకు కనిపిస్తాయి. పిల్లలు మనకు ఇచ్చే కాగితానికీ, వాళ్ళ దగ్గర అట్టే పెట్టుకునే కాగితానికీ మధ్య ఎంత దూరం ఉందో దీనికంటే స్పష్టంగా చూపిన పాఠం నేను చదవలేదు. టీచర్ల శిక్షణ తరగతుల్లో ముందుగా చదవాల్సిన పుటలు ఇవి.

క్లాసులో ఇదే పని చేయించవచ్చు. ఒకే విషయం మీద రెండు ప్రతులు రాయమనాలి. ఒకటి తన కోసం, ఒకటి టీచరు కోసం. మొదటిది అడగకూడదు. ఇది ఖచ్చితంగా పాటించాలి. ఆ నవలలో తల్లి నోటుపుస్తకం చూసి తగలబెట్టేస్తుంది. చదివిన ప్రతి పిల్లవాడికీ ఆ పుట గుర్తుంటుంది. తన రాతకు బడిలో రక్షణ ఉందని తెలిస్తేనే పిల్లవాడు నిజం రాస్తాడు. ఇచ్చిన రెండో ప్రతిని దిద్దండి, మార్కులు వేయండి. మొదటిది ఆ పిల్లవాడిది, ఆ పిల్లదానిది. దాన్ని చూపించాలనిపిస్తే వాళ్ళే చూపిస్తారు.

పరీక్ష ఎలా పెట్టాలి అని అడిగే టీచర్లు ఉంటారు. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు, సిలబస్ ఉంది, మార్కులు వేయాలి. సారాంశం రాయమనకండి. ఒక పేజీ ఎంచుకుని గట్టిగా చదవమనండి. తర్వాత అర పేజీలో రాయమనండి: ఎక్కడ గొంతు తగ్గించావు, ఎక్కడ ఆగావు, ఎందుకు. ఆ అర పేజీ చూస్తే ఆ పిల్లవాడికి కథ అర్థమైందా, పాత్ర అర్థమైందా, రచన అర్థమైందా అన్నీ తెలిసిపోతాయి. 'లాంగ్ వే డౌన్' చివర విల్ లిఫ్టు దిగి పగ తీర్చుకుంటాడా లేదా అన్నది రచయిత చెప్పలేదు. చేతులెత్తించి లెక్క పెట్టవద్దు. నీకు అలా ఎందుకు అనిపించింది, ఏ పంక్తి వల్ల అనిపించింది అని అడగండి. పిల్లలు పుస్తకంలోకి మళ్ళీ వెళ్తారు. వాళ్ళను పుస్తకంలోకి మళ్ళీ పంపే ప్రశ్నే మంచి ప్రశ్న.

కవితా నవలల మీద అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని పక్కకు నెట్టకూడదు.

వాక్యాలను ముక్కలు చేసి పేర్చినంత మాత్రాన కవిత్వమా అంటారు. నిజమే, అలాంటి పుస్తకాలు కూడా అచ్చవుతున్నాయి. పరీక్ష చాలా సులువు. పంక్తులు కలిపి పేరాగా చదవండి. ఏమీ పోలేదంటే అది కవిత కాదు. ఈ పరీక్ష పిల్లల చేతనే చేయించాలి. మంచి చెడ్డలు పోల్చడం వాళ్ళకు అలాగే వస్తుంది.

ఇవి తేలిక పుస్తకాలు, చదువు స్థాయి తగ్గిస్తున్నారు అంటారు. కురచగా ఉన్నది తేలికగా ఉందనుకోవడం పొరపాటు. హెలెన్ ఫ్రాస్ట్ 2003లో రాసిన 'కీషాస్ హౌస్'లో ఇల్లు వదిలిన పిల్లలు ఒక్కొక్కరుగా మాట్లాడతారు. ఆ మాటలన్నీ సానెట్లు, సెస్టినాలు. పాతకాలపు కఠిన నిబంధనల కవితలవి. నవల కాకపోయినా ఇదే వయసు పిల్లల కోసం మారిలిన్ నెల్సన్ 2005లో రాసిన పుస్తకం ఒకటి ఉంది, 'ఎ రీత్ ఫర్ ఎమెట్ టిల్'. 1955లో మిసిసిపీలో పద్నాలుగేళ్ళ నల్లజాతి బాలుడు ఎమెట్ టిల్‌ను తెల్లవాళ్ళు చంపేశారు. ఆ బిడ్డ కోసం 15 సానెట్లు. ఒక సానెట్ చివరి పంక్తి తర్వాతి సానెట్‌కు మొదటి పంక్తి అవుతుంది. చివరి సానెట్ మొత్తం ముందరి పద్నాలుగింటి మొదటి పంక్తులతోనే కట్టింది. ముక్తపదగ్రస్తం చదువుకున్న మన తెలుగు విద్యార్థికి ఈ కట్టడం వెంటనే పట్టుబడుతుంది. ఎంత శ్రమ ఉందో కూడా తెలుస్తుంది.

మూడో అభ్యంతరం విషయం మీద. తుపాకులు, మత్తు మందులు, శరీరం గురించిన సందేహాలు, దేవుడి మీద ప్రశ్నలు, ఇవన్నీ ఉంటాయి. ఎలెన్ హాప్కిన్స్ తన కూతురు మత్తుకు బానిసైన అనుభవం ఆధారంగా 2004లో 'క్రాంక్' రాశారు. బడుల్లోంచి తీసెయ్యమని ఎక్కువమంది అడిగే పుస్తకాల జాబితాలను అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ప్రకటిస్తుంది, అందులో 'క్రాంక్' ఉంది. తల్లిదండ్రుల భయాన్ని గౌరవించాలి. టీచరు పుస్తకం మొత్తం ముందే చదవాలి, ఇంటికి కబురు పంపాలి, వద్దన్న వాళ్ళ పిల్లలకు ఇంకో పుస్తకం ఇవ్వాలి. కానీ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఈ కష్టాలు పుస్తకం ద్వారా పిల్లల దగ్గరికి రావడం లేదు. చాలామంది పిల్లల ఇళ్ళల్లో అవి ఇప్పటికే ఉన్నాయి. వాటి గురించి మాట్లాడటానికి ఒక పెద్ద మనిషి పక్కన ఉండే చోటు క్లాసు ఒక్కటే.

మరి మన పిల్లలకు వీటితో పనేమిటి? రెండు మూడు దారుల్లో ఉంది.

అమెరికాలో చదివే తెలుగు పిల్లలు వేలమంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. వారాంతంలో తెలుగు నేర్పే మనబడి క్లాసుకు వెళ్ళి వేమన పద్యం అప్పజెప్పే పిల్లే సోమవారం బడిలో కవితా నవల చదువుతుంది. వాళ్ళకు థాన్‌హా లాయ్ 2011లో రాసిన 'ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగైన్' చేతికివ్వండి. 1975లో సైగాన్ పడిపోయినప్పుడు పదేళ్ళ హా అనే పిల్ల తల్లితో, అన్నలతో ఓడెక్కి అలబామా చేరుతుంది. సైగాన్‌లో తెలివైన పిల్ల, ఇక్కడ ఇంగ్లీషు రాక తెలివితక్కువదానిలా కూర్చోవాల్సి వస్తుంది. ఇంటి వెనక వదిలి వచ్చిన బొప్పాయి చెట్టు మనసులోంచి పోదు. భాష మారినప్పుడు పిల్లకు జరిగే అవమానం ఏమిటో ఈ పుస్తకం తెలుపుతుంది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మారిన మన ఊరి పిల్లలకు కూడా అది తెలుసు.

మనకు ఇంకా దగ్గరి పుస్తకం పద్మా వెంకట్రామన్ 2014లో రాసిన 'ఎ టైమ్ టు డాన్స్'. కథ చెన్నైలో. వేద అనే అమ్మాయి భరతనాట్యంలో పోటీలు గెలుస్తుంది. ప్రమాదంలో ఒక కాలు మోకాలి కింద నుంచి తీసేస్తారు. కృత్రిమ కాలితో మళ్ళీ మొదటి అడుగు నుంచి నేర్చుకుంటుంది. 'మయూరి' సినిమా చూసిన మనకు, అలాగే కాలు పోయాక మళ్ళీ నాట్యం చేసిన సుధా చంద్రన్ వెంటనే గుర్తొస్తారు. చప్పట్ల కోసం ఆడిన అమ్మాయి, చప్పట్లు లేనిచోట నాట్యం ఏమిటో వెతుక్కుంటుంది. ఇంగ్లీషులోనే ఉన్నా ఇందులో అమ్మమ్మలు, గుడి, అడుగులు, జతులు మన పిల్లలకు కొత్త కాదు. తొమ్మిది, పది తరగతుల ఇంగ్లీషు టీచర్లు మొదలుపెట్టదగిన పుస్తకం ఇది.

ఇక మన తెలుగు సంగతి. కథను పాడుతూ చెప్పడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. పల్నాటి వీరుల కథను శ్రీనాథుడు ద్విపదలో చెప్పాడు, కారెంపూడి తిరునాళ్ళలో వీరవిద్యావంతులు ఇప్పటికీ పాడుతున్నారు. అందులో బాలచంద్రుడు కుర్రవాడే, యుద్ధానికి వెళ్ళవద్దని తల్లి బతిమాలుతుంది. లిఫ్టులో నిలబడ్డ విల్‌నూ, యుద్ధానికి బయల్దేరిన బాలచంద్రుణ్ణీ పక్కపక్కన పెట్టి, మగతనం పేరుతో కుర్రాళ్ళను చావుకు పంపేది ఎవరు అని పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. గురజాడ 'పూర్ణమ్మ'లో ముసలివాడికి అమ్ముడుపోయిన పిల్ల ఉంది. జాషువా 'గబ్బిలం'లో గుడిలోకి రానివ్వని మనిషి శివుడికి పంపిన సందేశం ఉంది. వచన కవిత్వంలో కథ నడపవచ్చని కుందుర్తి ఆంజనేయులు 'తెలంగాణ' కావ్యంతో చూపించారు. ఇంత సొత్తు ఉండీ మన క్లాసుల్లో పద్యం అనగానే ప్రతిపదార్థం, భావం, వ్యాకరణాంశాలు అని ముక్కలు చేస్తున్నాం. పిల్లలు అర్థం రాయగలుగుతున్నారు, గొంతెత్తి చదవలేకపోతున్నారు.

పదిహేనేళ్ళ తెలుగు పిల్ల ఈనాటి తన బతుకును కవితల్లో కథగా చెప్పే పుస్తకాలు మనకు ఇంకా చాలా రావాలి. హాస్టల్లో ఉండి చదివే పిల్ల, ఇంటర్ ర్యాంకుల ఒత్తిడిలో నలిగే పిల్లవాడు, గల్ఫ్ వెళ్ళిన తండ్రి ఫోను కోసం చూసే ఇల్లు. ఈ కథలు రాయాల్సినవాళ్ళు ఇప్పుడు మన క్లాసుల్లోనే కూర్చుని ఉన్నారు.

కాబట్టి టీచర్లకు నా విన్నపం ఇది. కొత్త సిలబస్ వచ్చేదాకా ఆగకండి. వారంలో ఒక పావుగంట తీసి పెట్టండి. దొరికితే ఒక కవితా నవల, దొరకకపోతే 'పూర్ణమ్మ'. మొదటి వారం మీరు చదవండి. రెండో వారం పిల్లల్ని చదవనివ్వండి. మూడో వారం పంక్తులు కలిపి ఇచ్చి విరవమనండి. నాలుగో వారం తమ ఇంటి కథను ఆరు చిన్న కవితల్లో రాయమనండి, చూపించాలని ఉంటేనే చూపించమనండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ అబ్బాయో అమ్మాయో గదిలో పుస్తకం పైకి చదువుతుంటే చప్పుడు చేయకండి, ఏం చదువుతున్నావని ఆరా తీయకండి, ఆ పుస్తకం అయిపోయాక ఇంకొకటి కొనిపెట్టండి.

చివరి బెంచీలో కూర్చునే పిల్లవాడి వంతు కూడా రావాలి. అతను తడబడినా మధ్యలో దిద్దకండి. ఆ పేజీ చివరిదాకా అతన్నే చదవనివ్వండి.